నెమలికి పట్టిన నలుపు

డిగ్రీ అయిపోయిన ఆ రోజుల్లో ఇత్తడి గురించి నాకు తెలిసింది ఒక్కటే, తోమడం. పండగొస్తే మా ఇంటి బిందెల్లో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు, అంతగా తోమేదాన్ని. ఆ గర్వంతోనే జనగామలో మా పెద్దబాపు, అంటే మా నాయిన అన్న, నడిపే ఇత్తడి బొమ్మల కార్ఖానాలో చేరాను. ఆయన ఒప్పుకున్నది ఒక్క నెలకే. "ఒక్క బొమ్మ ఖరాబు చేసినా తొర్రూరు బస్సెక్కుడే బిడ్డా" అన్నాడు. తొర్రూరులో మా నాయిన నన్ను ఎరువుల దుకాణంలో కూర్చోబెట్టడానికి అప్పటికే కుర్చీ తుడిచి పెట్టుకున్నాడు. (ఆ పురుగుమందుల వాసన తలుచుకుంటే నాకు ఇప్పటికీ తుమ్ములొస్తాయి.)

ఇరవయ్యో రోజున పెద్దబాపు చాయ్ తాగడానికి పోయాడు. బల్ల మీద నల్లగా, దిగులుగా నెమలి బొమ్మ చెక్కిన ఇత్తడి పలక ఒకటి ఉంది. మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి హోటలాయన వచ్చి తీసుకెళ్తాడట. ఇంత మురికి నెమలినా ఇచ్చేది, మన ఇంటి పరువేం కాను! చింతపండు, బూడిద తెచ్చి తళతళలాడించేశాను.

పెద్దబాపు వచ్చి చూసి స్టూలు మీద కూలబడ్డాడు. "ఏం పని చేసినవే! గది మురికి కాదు. ఇత్తడికి గాలి తగిలి తగిలి ఏండ్లకు పట్టే పొర గది. మందు పూసి, సెగ చూపి, వారం రోజులు కూసోని ఎక్కించిన. ఇయ్యాల పైన వార్నిష్ కొడితే ఇగ గాలి సొరక గట్లనే నిలుస్తుండె. పాతగ కనవడాలనే గదా ఆయన అడిగింది!"

అంతలో హోటలాయన రానే వచ్చాడు. "ఇదేంటండీ, నిన్న కొన్న చెంబులా ఉంది?" అన్నాడు. పెద్దబాపు నోరు తెరిచేలోగా నేను అందుకున్నాను. "నలుపు కింద అతుకులు, బొక్కలు దాచేటోళ్లున్నరు సార్. అందుకే మేం ముందుగాల తోమి చూపిస్తం, తర్వాతనే నలుపెక్కిస్తం."

ఆయన పలకను తిప్పి తిప్పి చూసి మురిసిపోయాడు. "ఇంత నిజాయితీ నేనెక్కడా చూడలేదు. ఇంకో వారం ఆగుతాను. ఇకనుంచి ప్రతిదీ ఇలాగే ముందు చూపించండి." నిజాయితీ అన్న మాటకు పెద్దబాపుకు దగ్గు తెర వచ్చింది.

ఆయన పోగానే, "తోముడు ఇగ నీదే. బస్సు లేదు, ఏం లేదు, నడువు" అన్నాడు పెద్దబాపు. నేను తోమిన తోముడికి ఉన్న కాస్త జిడ్డూ పోయిందేమో, రెండోసారి నలుపు ఎక్కడా మచ్చ లేకుండా సమంగా పట్టింది. ఆయన అది చూసి, తోమాల్సిన ఇంకో పలకను నా ముందుకు తోశాడు!

ఇప్పుడు పెద్దబాపుకు చూపు తగ్గింది, కార్ఖానా నేనే చూస్తున్నాను. కొనడానికి ఎవరొచ్చినా ఆయన, "తోమి చూపించుడు మా తాతల నాటి ఆనవాయితీ" అని కళ్లార్పకుండా చెప్తాడు. నేను పక్కన నిలబడి తలూపుతాను. బస్సెక్కకుండా ఉండటానికి ఆనాటి నాలోని ఆ పిల్ల ఆడిన అబద్ధాన్ని ఇన్నేళ్లుగా ఈ చేతులతో తోమి తోమి నిజం చేస్తున్నాను. ఎప్పుడైనా ఎదురుపడితే దాని చెవి మెలేసి, ఆ తర్వాత ఒక ముద్దు పెట్టుకోవాలని ఉంది.