ముక్కు రాకముందే మొక్కులందుకున్న లక్ష్మి

ఆ రోజుల్లో పటాన్‌చెరులో కంప్యూటర్‌తో కొయ్య చెక్కే మిషన్ అంటే జనం పనులు మానుకుని వచ్చి చూసేవారు. నడిపేవాణ్ణి కాబట్టి నన్నూ చూస్తున్నారని నా నమ్మకం. (ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ రంపపు పొట్టులోకి దిగేవాణ్ణి.) నిజానికి నా పదవి గాల్లో దీపం. "గీ తలుపు మంచిగొస్తే మిషన్ నీదే. లేకుంటే మళ్ల పాలిష్ పేపర్ రుద్దుడే" అని మా సేఠ్ ముందే చెప్పేశాడు.

తలుపు చిట్కుల్‌లో ఒక గృహప్రవేశానికి. టేకు పలక మీద గజలక్ష్మి. ముందు మిషన్‌కు లావు బిట్టు, అంటే గిరగిరా తిరిగే ఉలి, తగిలించి అదనపు కొయ్యంతా తీసేయాలి. దాన్ని రఫింగ్ అంటాం. అప్పటికి అమ్మవారు మెట్లుమెట్లుగా, ముక్కూ కళ్లూ లేకుండా ముద్దగా ఉంటుంది. తర్వాత గుండ్రటి మొన ఉన్న సన్న బిట్టుతో ఫినిషింగ్ చేస్తేనే ముఖం వస్తుంది. నా దగ్గర అలాంటివి రెండుండేవి. ఒకటి పని తొందరగా కానిస్తుంది గానీ కనురెప్పల్లోకి దూరదు. ఇంకోటి మరీ సన్నది, ఎక్కడికైనా దూరుతుంది గానీ పొద్దంతా పట్టేస్తుంది. తెల్లారితే ముహూర్తం కదా, మొదటిది చాల్లే అనుకుని, రఫింగ్ కాగానే మిషన్ ఆపి దాన్ని తేవడానికి లోపలికెళ్లాను.

తిరిగొచ్చేసరికి, తలుపు చూడ్డానికొచ్చిన ఆ ఇంటి ముసలమ్మ ఆ ముద్ద ముఖానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, కళ్లు మూసుకుని దండం పెడుతోంది! నా చేతిలో బిట్టు చూసి ఉలిక్కిపడింది.

"ఏంది బిడ్డా, బొట్టు పెట్టిన తల్లి ముఖం మీద గది తిప్పుతవా? కండ్లు పోతయ్!"

"ముట్టకురా అయ్యా!" అంటూ సేఠ్ చేతులు జోడించేశాడు. (ఆమెకన్నా ఆయనకే భయం ఎక్కువ.) నాకు పాలిష్ పేపర్ కళ్లముందు కదలాడింది.

"పెద్దమ్మా, తల్లికి ఇంక కండ్లే రాలే. రేపు మీ ఇంటికొచ్చి మిమ్ముల ఎట్ల సూస్తది?" అన్నాను ఏడుపు గొంతుతో.

ముసలమ్మ వంగి ఆ ముద్ద ముఖాన్ని దగ్గరగా చూసింది. "మరి జెర సన్నగ తియ్యి. తల్లికి నొప్పి తగలొద్దు."

ఆ మాట విన్నాక మరీ సన్న బిట్టే పెట్టక తప్పింది కాదు. సాయంత్రం దాకా ఆమె నా పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, బిట్టు బుగ్గ మీదికి వచ్చినప్పుడల్లా "మెల్లగ, మెల్లగ" అంటూనే ఉంది. మిషన్‌కు చెవులుండవని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

గృహప్రవేశంలో అందరూ శభాష్ అన్నారు. మిషన్ నాకే దక్కింది. ముసలమ్మ మాత్రం ఆ బుగ్గ నిమిరి, "మంచిగున్నది బిడ్డా. గాని నేను మొక్కిన తల్లి ఈమె గాదు" అని లోపలికి వెళ్లిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. ఏం మనిషిరా బాబూ అని దారి పొడవునా గొణుక్కున్నాను.

ఇప్పుడు నాకూ తల నెరిసింది. నన్నే సేఠ్ అంటున్నారు. ఏ అమ్మవారి పలకకైనా రఫింగ్ అయిపోయాక చాయ్ వంక పెట్టి, బిట్టు మార్చనివ్వకుండా, ఆ ముద్ద ముఖం ముందు కాసేపు నిలబడిపోతాను.

"ఏం సూస్తున్నరు సేఠ్? ఇంకా ఏం రాలే గదా!" అంటారు పనివాళ్లు.

"గదే సూస్తున్న" అంటాను.