చెంప దగ్గర మీట

టైపు టీచరమ్మ దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ ఆవిణ్ణి ప్రేమగా తలుచుకోరు. కీబోర్డు మీద గుడ్డ కప్పి మరీ టైపు కొట్టించేది. తప్పు పడిందా, వేళ్ల కణుపుల మీద స్కేలు పడేది.

"మొద్దూ! దానికి అక్షరాలొచ్చనుకున్నావా? నువ్వు నొక్కితే అడుగున రెండు పొరలు అంటుకుని కరెంటుకి దారి పడుతుంది. ఏ అడ్డవరుసో, ఏ నిలువు వరుసో, అంతవరకే దానికి తెలిసేది. మిగతాది నీ వేళ్లకి తెలియాలి!"

మౌసు తిరగేసి ఎర్రదీపం చూపించేది. "ఇది బల్లని క్షణానికి వేలసార్లు ఫొటో తీసి, ఎటు జరిగిందో పోల్చుకుంటుంది. నీకు రెండు కళ్లుండి ఏం లాభం?"

పెళ్లి చేసుకోలేదు. సొంత సంపాదనతో ఫ్లాటు కొనుక్కుని, ఎవరి మాటా పడకుండా బతికింది.

యాభై దాటాక ఒకనాడు పాఠం చెబుతూనే కూలబడింది. మెదడులో నరం చిట్లిందన్నారు. కాళ్లూ చేతులూ పడిపోయాయి, మాట పోయింది. చూపూ వినికిడీ తెలివీ మాత్రం చెక్కుచెదరలేదు. ముఖంలో ఎడమ చెంప ఒక్కటే కదిలేది. అప్పటిదాకా ఇరుకు అద్దెగదిలో ఉన్న తమ్ముడూ మరదలూ ఆవిణ్ణి చూసుకుంటామంటూ సామాన్లతో సహా దిగారు.

మరదలు పక్కబట్టలు మార్చేటప్పుడు చంక కింద మెత్తటి చోట చూసి గిల్లేది. "ఏం వదినగారూ, ఇప్పుడు తిట్టండి!" అని నవ్వేది. టీచరమ్మ కప్పుకేసి చూస్తూ లోపల్లోపలే తిట్లు కూర్చుకునేది.

కొన్నాళ్లకు ఆస్పత్రి నుంచి ఒక టెక్నీషియను అమ్మాయి వచ్చింది. మంచానికి ఇనప కొమ్మ బిగించి, చెంప దగ్గర గుండ్రటి మీట అమర్చి, ఎదురుగా తెర పెట్టింది.

"అక్షరాలు ఒక వరుస తర్వాత ఒక వరుస వెలుగుతాయి మేడం. మీకు కావలసిన వరుస రాగానే చెంపతో ఒత్తండి. తర్వాత ఆ వరుసలో ఒక్కో అక్షరం వెలుగుతుంది. కావలసింది రాగానే మళ్లీ ఒత్తండి. రాసింది కంప్యూటరు చదివి వినిపిస్తుంది."

అడ్డవరుస, నిలువు వరుస! టీచరమ్మకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నమంతా పట్టింది మొదటి మాటకి. అక్క తనను తలుచుకుంటుందేమోనని తమ్ముడు మంచం పక్కనే కూర్చున్నాడు. "కాఫీ చల్లారింది మొద్దూ" అంది కంప్యూటరు. తమ్ముడు పడిపడి నవ్వాడు.

ఆ తర్వాత ఆవిడ ఆగలేదు. మరదలి వంటనీ నడకనీ దుమ్మెత్తిపోసింది. "నీకు పిల్లలు పుట్టకపోవడమే మంచిదైంది" అని గంటసేపు కష్టపడి రాసింది. మరదలు మొహం మాడిపోయి, వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. టీచరమ్మకు చాలారోజుల తర్వాత కడుపు నిండినట్టయింది.

ఒకరోజు మరదలి తల్లి చూడ్డానికొచ్చింది. అందరూ ఉండగానే తెర పలికింది. "నీ కూతురు నన్ను గిల్లుతుంది."

తమ్ముడు అక్క చెయ్యి ఎత్తి చూశాడు. చంక కింద పాతవీ కొత్తవీ నల్లగా కమిలిన మచ్చలు. చాలాసేపు చూశాడు. తర్వాత చెయ్యి మెల్లగా దించి, పైన దుప్పటి కప్పాడు.

"నోరు పడిపోయినా విషం పడిపోలేదండీ ఈవిడకి" అంది మరదలు.

"సరే, ఊరుకో. బయట పడితే పరువు పోతుంది" అన్నాడు తమ్ముడు. వంగి, ఇనప కొమ్మ మర వదులు చేసి, మీటని చెంపకి రెండు వేళ్ల ఎడంగా జరిపాడు. అక్క కళ్లలోకి మాత్రం చూడలేదు.

టీచరమ్మ చెంప ఉబ్బించింది. అందలేదు. తెర మీద వరుసలు వెలిగి ఆరిపోతూనే ఉన్నాయి.

నెల తిరిగాక టెక్నీషియను అమ్మాయి వచ్చింది.

"వాడటం మానేసిందమ్మా. ఓపిక లేదు" అన్నాడు తమ్ముడు.

ఆ అమ్మాయి మీట దగ్గరికి జరిపి, "ఒకసారి ఒత్తండి మేడం" అంది. టీచరమ్మ కంగారులో ముందే ఒత్తేసింది. వేరే వరుస పడింది. మళ్లీ ఒత్తింది, మళ్లీ తప్పే. కంప్యూటరు ఏదో అర్థంలేని కూత కూసింది. ఆవిడ కళ్లు ఆ అమ్మాయిని పట్టుకుని వదల్లేదు. అమ్మాయి ఫోనులో టైము చూసుకుంది.

"పాపం, పట్టు తప్పినట్టుంది. దీనికోసం ఆస్పత్రిలో ఇంకొకాయన కాచుక్కూచున్నాడండీ" అంటూ మరలు విప్పి అంతా సంచిలో సర్దుకుంది.

టీచరమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఇదివరకు తెర ఉన్న బల్ల మీదికి మరదలి కుట్టుమిషను వచ్చింది. చూడ్డానికొచ్చినవాళ్లు, "ఆవిడకేమైనా తెలుస్తుందా?" అని అడిగేవారు.

"ఏం తెలుస్తుంది లెండి, పిచ్చి ప్రాణం" అనేవాడు తమ్ముడు, అక్క తలగడ సర్దుతూ.