ఎడమ చక్రం నట్టు

బోనిఫాస్ కపెంబ్వా ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాడు. కబ్వే నుంచి కసామాకి ఒక రోజు, కసామా నుంచి కబ్వేకి ఒక రోజు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా జనాన్ని దారిలో దించేసి, నడిచి పొమ్మనలేదు. వరదకి వంతెన కొట్టుకుపోయిన ఏడాది నాలుగు రాత్రులు బస్సులోనే గడిపి, ఐదో రోజు అందరినీ కసామాలో దించాడు. ఆయన బస్సులో ఇద్దరు పిల్లలు పుట్టారు. మగపిల్లవాడికి బోనిఫాస్ అనీ, ఆడపిల్లకి బోనిఫాసియా అనీ పేర్లు పెట్టారు. మిషన్ బడిలో నాలుగో తరగతి దాకానే చదివినా, బస్సుతో పాటు వచ్చిన లావుపాటి పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివిన డ్రైవరు డిపో మొత్తానికి ఆయనొక్కడే. ఉత్తమ డ్రైవరని మూడుసార్లు ఇచ్చిన గోడ గడియారాలు ఇప్పటికీ ముందు గదిలో వరసగా ఉన్నాయి. మూడూ ఒకే టైము చూపిస్తాయి. అది కూడా ఆయన పనితనమే.

ఇలాంటి మనిషికి మా కబ్వేలో మర్యాదకి ఏం లోటు? ఎదురైతే మగవాళ్ళు టోపీ తీస్తారు. ఆడవాళ్ళు మోకాలు వంచి, మెల్లగా చేతులు తట్టి పలకరిస్తారు. "పెద్దాయనా" అనడమే తప్ప పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. భార్య పోయి పదకొండేళ్ళయింది. ఇక ఆయన్ని తిట్టే మనిషంటూ మిగిలింది ఒక్కడే.

ఆ ఒక్కడు ఎలియా సోకో. ఇరవై రెండేళ్ళు ఆయన బస్సులో కండక్టరు. సోకోది న్గోని తెగ, కపెంబ్వాది బెంబా తెగ. ఒకప్పుడు తాతలు ఈటెలతో పొడుచుకున్నారు కాబట్టి మనవలు మాటలతో పొడుచుకుంటారు. వరసకి బావలు. ఎవరి ముందు ఎంత మాటన్నా సరే, అవతలివాడు కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకుంటే వాడిదే తప్పు. చావింట్లో కూడా అవతలి తెగవాడు వచ్చి తిట్టి నవ్వించాల్సిందే.

రెండేళ్ళ కిందట సోకో మ్కుషీ దగ్గర కాస్త భూమి చూసుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక సోకో ఫోను చేసేవాడు.

"ఏరా కోతులు తినేవాడా, ఇంకా ఊపిరి ఉందా?"

"ఉంది బావా. నీ ఎలుకల బోను పడిందా ఇవాళ?"

పావుగంట ఇదే, బెంబావాళ్ళు కోతులు తింటారనీ, న్గోనివాళ్ళు ఎలుకలు తింటారనీ. ఒకడి ఆరోగ్యం గురించి ఇంకొకడు తిన్నగా అడిగింది లేదు. ఫోను పెట్టేశాక మళ్ళీ ఆదివారం దాకా కపెంబ్వా పెద్దాయనే.

సోకో గురువారం పొద్దున పోయాడు. కూతురు తొకొజిలె ఫోను చేసింది.

"మామయ్యా, శనివారం రెండింటికి పూడుస్తాం. మీరు రావాలి. ఇక్కడ అందరూ ఏడుస్తున్నారు, నవ్వించేవాడు లేడు."

"మీ ఊళ్ళో బెంబావాళ్ళు లేరా తల్లీ?"

"ఉన్నారు. వాళ్ళకి నాన్న గురించి ఏం తెలుసు? ఏదో నోటికొచ్చింది అనేసి న్షిమా ముద్ద తినేసి పోతారు. నాన్న ముందే చెప్పాడు, మీరొచ్చి తిట్టేదాకా తనని గోతిలో దింపొద్దని."

"వస్తాను," అన్నాడు కపెంబ్వా. ఆయన వస్తానని రాకపోవడం ఈ రోడ్డు ఎరగదు.

శనివారం ఏడింటికల్లా సూటు వేసుకుని బయటికొచ్చాడు. తన పాత నీలం కారు ముందు ఎడమ చక్రం గాలిపోయి నేలకి అంటుకుపోయి ఉంది. చక్రం మార్చడం ఆయనకి ఎంత పని? కోటు తీసి మామిడి కొమ్మకి తగిలించాడు. పానా నట్టుకి పెట్టి, దాని చివర పొడుగు గొట్టం తొడిగి, ఒళ్ళంతా బరువు వేసి తిప్పాడు. కదల్లేదు. ఇంకా బరువు వేశాడు. టప్పున తుపాకీ పేలినట్టు చప్పుడైంది. పానా ఎగిరి పడింది. నట్టూ, అందులో ఇరుక్కున్న విరిగిన బోల్టు ముక్కా ఆయన బూటు పక్కన దొర్లాయి.

కపెంబ్వా ఆ ముక్కని చేతిలోకి తీసుకుని చూశాడు. తుప్పు లేదు. విరిగిన చోట కొత్త వెండిలా మెరుస్తోంది. అప్పుడు తెలిసింది ఏం చేశాడో.

ఆయన నడిపిన బస్సులకి ఎడమవైపు చక్రాల మర తిరగేసి ఉంటుంది. అక్కడ నట్టు కుడికి తిప్పితేనే ఊడుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ చేతులు నేర్చింది అదే. కారుకి ఆ తేడా లేదు, నాలుగు చక్రాలదీ ఒకటే మర. కారు ఎడమ చక్రం విప్పినప్పుడల్లా సోకో నెత్తిమీద నిలబడి, "బావా, ఇది బస్సు కాదు!" అని అరిచేవాడు. సోకో వెళ్ళాక ఆ చక్రం విప్పే పని ఈ రోజుదాకా పడలేదు. ఇవాళ ఊడదీస్తున్నాననుకుంటూ విరిగేదాకా బిగించాడు.

కంచె అవతలినుంచి పక్కింటి మ్వాపె వాళ్ళమ్మ తొంగిచూసింది. "ఏమిటా చప్పుడు పెద్దాయనా?"

"బోల్టు. తుప్పు పట్టింది, విరిగింది," అన్నాడు కపెంబ్వా, మెరుస్తున్న ముక్కని గుప్పిట్లో మూసేసి.

"అయ్యో. మిగతా మూడు నట్లతో పోవచ్చంటారుగా?"

"ఎవరైనా పోతారేమో. నేను పోను."

ఒకసారి మ్పికా దగ్గర దిగుడులో వేరే బస్సు చక్రం ఒకటి ఊడి, బస్సుని దాటుకుని ముందుకెళ్ళిపోవడం ఆయనా సోకో ఇద్దరూ కళ్ళారా చూశారు. "చూశావా బావా, టికెట్టు లేని ప్రయాణికుడు," అన్నాడప్పుడు సోకో. ఆ రోజు నుంచి ఒక్క నట్టు తక్కువైనా కపెంబ్వా బండి కదిలించలేదు.

పోనీ బస్సెక్కుదామంటే, పొద్దుటి బస్సు ఆరింటికే వెళ్ళిపోయింది. మధ్యాహ్నం బస్సెక్కితే చీకటి పడ్డాక చేరేది. టైము ఎనిమిది కావస్తోంది. మ్కుషీ రెండున్నర గంటల దూరం.

కొత్త బోల్టు ఇంట్లోనే ఉంది. ఈ కారు కొన్నరోజున సోకో పాత పేపర్లో చుట్టి తెచ్చి ఇచ్చాడు, ఒక బోల్టూ గుప్పెడు వాషర్లూ.

"కొత్త బండికి బోల్టు విరుగుతుందని ముందే తెచ్చావా, దరిద్రుడా?"

"అదంతట అది విరగదు బావా. నువ్వు విరగ్గొడతావు. దాచుకో."

అప్పుడు వాకిలంతా నవ్వింది. కపెంబ్వా అందరికన్నా గట్టిగా నవ్వి, పొట్లాన్ని గడియారాల కింద అలమరలో పడేశాడు. ఇప్పుడు వెళ్ళి తెచ్చాడు. పేపరు పసుపెక్కింది, బోల్టుకి రాసిన గ్రీజు ఇంకా మెత్తగానే ఉంది.

మిగతా మూడు నట్లు ఈసారి ఎడమకి తిప్పి వదులు చేశాడు. జాకీ ఎత్తి, కింద దుంగ పెట్టి, చక్రం లాగేశాడు. బ్రేకు పట్టే దవడని విప్పి, దాని గొట్టం తెగకుండా తీగతో వేలాడగట్టాడు. బ్రేకు పళ్ళెం తీశాక విరిగిన బోల్టు మొండెం బయటపడింది. సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే వెనక్కి ఊడిపోయింది. కొత్తది వెనకనుంచి దూర్చి, పళ్ళెమూ దవడా మళ్ళీ ఎక్కించి, బోల్టుకి వాషర్లు వేసి, నట్టు చదునువైపు లోపలికి పెట్టాడు. ఇక నట్టు బిగిస్తుంటే బోల్టు తనంతట తానే లోపలినుంచి లాక్కుని కూర్చుంటుంది. ఇరుసు తిరక్కుండా ఆ కాసేపు బండిలో ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి.

"తొక్కు బావా," అన్నాడు కపెంబ్వా.

అనేశాక తలెత్తి చూశాడు. డ్రైవరు తలుపు తెరిచే ఉంది. సీటు ఖాళీ. "తొక్కు" అంటే సోకో ఏనాడూ ఊరుకున్నవాడు కాదు. "తొక్కుతున్నా, నీ పీకే అనుకుని," అనేవాడు. మామిడి కొమ్మ మీది కోటు గాలికి ఊగుతోంది. పక్కింట్లో రేడియోలో ఎవరో వార్తలు చదువుతున్నారు.

"నేనొచ్చి తొక్కనా పెద్దాయనా?" మ్వాపె వాళ్ళమ్మ అడిగింది.

ఆవిడొస్తే ముక్క చూస్తుంది. తుప్పు లేదని తెలుస్తుంది. "వద్దమ్మా, అయిపోయింది," అన్నాడు.

పార కర్ర తెచ్చి, ఒక కొస బ్రేకు మీదా, ఇంకో కొస సీటుకీ ఆనించి, సీటు ముందుకి జరిపి బిగించాడు. మొదటిసారి కర్ర జారింది. రెండోసారి గుడ్డ చుట్టి పెడితే ఆగింది. పానాని కుడికి తిప్పుతుంటే బోల్టు వెంట్రుకవాసి చొప్పున లోపలినుంచి వచ్చి, చివరికి గట్టిగా కూర్చుంది. అనుభవం ఉన్న ఇద్దరు చేసే పని అది, డెబ్భై నాలుగేళ్ళ మనిషి ఒక్కడూ చేశాడు. స్టెప్నీ ఎక్కించి నాలుగు నట్లూ ఎదురెదురుగా బిగించేసరికి పదకొండు దాటింది. చేతులు తుడుచుకోకుండానే కోటు తొడుక్కున్నాడు.

మ్కుషీ దగ్గర మట్టిరోడ్డు చివర జనం కనిపించేసరికి రెండు కావటానికి పది నిమిషాలుంది. పెట్టె గోతి పక్కనే ఉంది. తొకొజిలె రోడ్డు వైపే చూస్తూ నిలబడింది.

కపెంబ్వా కారు దిగుతూనే కేకేశాడు. "ఏడీ? ఎలుకలు తినేవాడు ఏడీ? బస్సు నిండా జనం ఉంటే టికెట్లు కొట్టకుండా పడుకున్నాడా?"

ఏడుస్తున్న ఆడవాళ్ళలో ఒకావిడ ముక్కు చీదుకుంటూనే కిసుక్కుమంది. "వచ్చాడమ్మా కోతుల బావ," అంది ఇంకొకావిడ. కపెంబ్వా పెట్టె చుట్టూ తిరిగాడు. సోకో నడక నడిచి చూపించాడు. చిల్లర లేదని అబద్ధం చెప్పడం చూపించాడు. నవ్వు మెల్లగా పాకింది. అయినా ఏదో తక్కువైంది. ఈ మాటలన్నీ ఏ బెంబావాడైనా అనగలడు.

అప్పుడు జేబులోంచి విరిగిన ముక్క తీసి పైకి పట్టుకున్నాడు.

"ఇది చూడండి. పొద్దున నేను విరగ్గొట్టాను. కారు ఎడమ చక్రాన్ని బస్సు చక్రం అనుకుని తిప్పాను. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సు నడిపినవాణ్ణి, మూడు గడియారాలవాణ్ణి, నట్టు ఎటు తిప్పాలో తెలియక విరగ్గొట్టాను. వీడు ముందే చెప్పాడు, నేను విరగ్గొడతానని. వీడిచ్చిన బోల్టుతోనే వచ్చాను. వీడే గెలిచాడు!"

జనం పగలబడి నవ్వారు. తొకొజిలె నవ్వుతూ ఏడుస్తూ నేలమీద కూర్చుండిపోయింది. కపెంబ్వా అలవాటుగా ఒక క్షణం ఆగాడు, ఎదురు మాట కోసం. నవ్వులు సద్దుమణిగాయి. పెట్టెని దింపారు.

మర్నాడు ప్రార్థన అయ్యాక ఆయన ఫోను పక్కన కూర్చున్నాడు. మూడు గడియారాల్లోనూ పావుగంట గడిచింది. లేచి వాకిట్లోకి వెళ్ళాడు. కంచె అవతల మ్వాపె వాళ్ళమ్మ బట్టలు ఆరేస్తోంది.

"అమ్మా, నిన్న బోల్టుకి తుప్పు లేదు. నేనే తప్పు తిప్పి విరగ్గొట్టాను."

ఆవిడ బట్టలు కింద పెట్టి, మోకాలు వంచి, మెల్లగా చేతులు తట్టింది.

"ఎవరికైనా అవుతుంది లెండి పెద్దాయనా," అంది, నవ్వకుండా.