ఆమె అరచేతిలో మా మట్టి

బడికి పునాది తవ్వకముందు మా ఊరి మట్టిని పరీక్ష చేయడానికి అనంతపురం నుంచి ఒకామె వచ్చింది. తడిమట్టిని అరచేతిలో సేమ్యాలాగా సన్నగా పేనేది. తెగకుండా సాగితే మంచి మట్టి కాదనేది.

మేము ఇల్లు కట్టబోయే నల్లరేగడి నుంచి మా ఆయన పిడికెడు తెచ్చి ఇచ్చాడు. ఆమె పేనింది. తెగలేదు.

"ఈ మన్నులో వద్దన్నా. వానకు ఉబ్బుతాది, ఎండకు బీటలిస్తాది."

"సరేమ్మా, ఎర్రమన్నులో కట్టుకుంటాం," అన్నాడు వెంటనే.

నాకు కడుపు మండింది. "మా అమ్మోళ్ల ఇల్లు అట్లనే బీటలిచ్చిందని నేను మొత్తుకుంటే ఇనలేదే?"

"నువ్వు మట్టి పేనినావా?" అని నవ్వాడు.

ఆయన పోయి ఏళ్లయింది. ఎర్రమన్నులో కట్టిన ఇల్లు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఒక్క గోడ బీటలిచ్చినా ఆమెను ఎప్పుడో మరిచిపోయేదాన్ని.