దసరాలోగా నల్లబడాల్సిన జుట్టు

అరకు సంత శుక్రవారం. ఆ ఒక్కరోజు నా ఫ్యాన్సీ షాపులో గాజుల కన్నా, రిబ్బన్ల కన్నా ఎక్కువ అమ్ముడుపోయేది జుట్టుకి వేసుకునే నల్లరంగు పొడి. నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. కొండల మీద నుంచి దిగిన ఆడవాళ్లు చింతపండో పసుపో అమ్ముకుని, వెళ్లేటప్పుడు నా అరుగు దగ్గర ఆగుతారు. అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అప్పా, ఆ పేకెట్టు" అంటారు. దొంగసొత్తు అడిగినట్టే ఉంటుంది. నేను కావాలని గట్టిగా "ఏ పేకెట్టే?" అంటాను. నీ నోటికి గడియ లేదని మా ఆయన వరహాలరావు బతికున్నన్నాళ్లూ అన్నాడు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది, గడియ ఇంకా పడలేదు.

నా పేరు అప్పలనరసమ్మ. పుట్టింది శృంగవరపుకోటలో. పెళ్లయి ఈ కొండెక్కి ముప్పై రెండేళ్లు. మా ఉత్తరాంధ్రలో అక్కని అప్ప అంటాం కాబట్టి, ఈ సంతకి వచ్చే ఆడవాళ్లందరికీ నేను అప్పని. నా జుట్టు ఇప్పటికీ నిగనిగలాడుతూ ఉంటుంది. అది దేవుడిచ్చింది కాదు, షాపులోదే. యాభై ఎనిమిదేళ్లు వచ్చాయి, దాచుకోవడానికేముంది?

కొంగు అడ్డం పెట్టుకోకుండా పేకెట్టు అడిగే మనిషి ఒక్కర్తే ఉండేది. సోములమ్మ. కాఫీతోట పని చేసుకునే గిరిజన మనిషి, నలభై ఎనిమిదేళ్లుంటాయి. ఆమెకి థింసా ఆట ఉంది. ఉంది అంటే మామూలుగా కాదు. ఆడవాళ్లు ఒకరి నడుం వెనకగా ఒకరు చేతులు పట్టుకుని, గొలుసులా కదులుతూ ఆడే ఆట అది. ఆ గొలుసుకి మొదట నిలబడే మనిషి ఎటు తిప్పితే మిగతా పదిహేను మందీ అటు తిరగాలి. ఇరవై ఏళ్లుగా ఆ మొదటి చోటు సోములమ్మది. హోటళ్ల వాళ్లు టూరిస్టుల కోసం పిలిచేది ఆ బృందాన్నే. దాన్ని నడిపే ఫల్గుణ ఆమెకి మరిది వరస. ఆడేవాళ్ల జుట్టు నల్లగా, కొప్పులో పూలతో ఉండాలని హోటళ్ల వాళ్లు అతనికి చెబితే, అతను వీళ్లకి చెప్పాడు. తెల్లవెంట్రుకలు వచ్చిన దగ్గర్నుంచీ సోములమ్మ పదిహేను రోజులకో పేకెట్టు కొనేది. ఆట కోసం జుట్టేం ఖర్మ, పళ్లు కూడా నల్లబరుచుకునేలా ఉండేది.

ఈ ఏడాది వానలు మొదలైనప్పుడే ఆమెకి జ్వరం వచ్చింది. కీళ్లు పట్టేసి మూడు నెలలు మంచం దిగలేదు. లేచి సంతకి వచ్చేసరికి ఆగస్టు ఆఖరు. ముఖం పీక్కుపోయింది. పాపిటకి రెండు వైపులా మూడు వేళ్ల వెడల్పున జుట్టు తెల్లగా మెరుస్తోంది. నేను చూడగానే పేకెట్టు తీసి గాజు బల్ల మీద పెట్టాను. ఆమె దాని వంక చూడలేదు. గాజులు వేసుకుని చూసుకోవడానికి బల్ల మీద ఒక అద్దం పెట్టి ఉంచుతాను. దాని ముందు నిలబడిపోయింది.

"ఏటే, మొగం అరిగిపోతాది. బేరాలొత్తన్నాయి, పక్కకి జరుగు" అన్నాను.

"ఉండప్పా" అంది. కాసేపటికి నా వైపు తిరగకుండానే, "మా అమ్మ ఒచ్చింది" అంది.

జ్వరం తలకెక్కిందేమో అనుకుని నీళ్లిచ్చి కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. పదిహేనేళ్లుగా నా దగ్గరకి వస్తున్నా ఎన్నడూ చెప్పలేదు. సోములమ్మకి ఐదేళ్లప్పుడే తల్లి పోయింది. తండ్రి ఇంకో మనువు చేసుకుంటే, మేనత్త తన ఊరికి తెచ్చుకుని పెంచింది. తల్లికి ఫోటో లేదు. కొండ మీద కూలి ఆడమనిషికి ఆ రోజుల్లో ఫోటో ఎవరు తీస్తారు?

"మొగం గురుతు నేదప్పా. నన్ను ఈపుకి కట్టుకుని తిరిగేది. నా ముక్కు కాడ తెల్లజుట్టు ఉండీది. అదొక్కటే గురుతు. నాను ఆలీసంగా పుట్టినానేటో, అప్పటికే జుట్టంతా తెల్లగయిపోనాది. మా అత్త సచ్చిపోయే ముందు సెప్పింది, 'నీ మొగం నీ తల్లి మొగమే, అచ్చు గుద్దినట్టే' అని. మొన్న మంచం దిగి అద్దం సూసుకున్నాను. ఆ జుట్టూ ఈ మొగమూ కలిసిపోనాయి. ఎన్నేళ్లు ఎతికినాననుకున్నావు? ఏ ముసలమ్మ కనబడినా మొగంలోకి సూసీదాన్ని."

చెబుతూ ఏడ్చింది. ఏడుస్తూ మళ్లీ అద్దంలోకి చూసింది. తల్లి ఏడుస్తోందేమో చూస్తోందని నాకు తరవాత తట్టింది. మా అమ్మ పెళ్లిఫోటో మా ఇంట్లో గోడకి ఉంది. దుమ్ము దులపడానికి తప్ప నేను దాని వంక చూసి ఎన్నాళ్లయిందో. ఆ సంగతి గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. పేకెట్టు తీసి లోపల పెట్టేశాను.

తరవాతి శుక్రవారం ఫల్గుణ వచ్చాడు. సోములమ్మ నా అరుగు మీదే ఉంది. జ్వరం తగ్గాక సంతరోజు ఆమెకి మకాం నా షాపే. అరగంటకోసారి అద్దం. అతను ఆమె తల వంక చూసి, కోపం లేకుండానే చెప్పాడు.

"వదినా, దసరాకి బుకింగులున్నాయి. దసరాలోగా జుట్టు నల్లగయిపోవాల. నేదంటే ఆ సోటులో సౌందర్యని పెడతాను. నా సేతిలో ఏటీ నేదు. ముసలోళ్లు ఆడతన్నారేటని హోటలోళ్లు అడుగుతారు."

సౌందర్యకి ఇరవై రెండేళ్లు. బాగానే ఆడుతుంది. సోములమ్మ నేర్పిందే. అతను వెళ్లాక సోములమ్మ మళ్లీ అద్దం ముందుకి వెళ్లింది. మూడు నెలలు మంచంలో ఉన్నప్పుడు కూడా దుప్పటి కింద కాళ్లు ఆడించేదట. ఆ ఆట లేకుండా ఆమెని నేను ఊహించలేను. తనూ ఊహించుకోలేదు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి.

నాకు ఎవరైనా అలా నలిగిపోతుంటే చూస్తూ కూర్చోవడం చేతకాదు. ఉపాయం చెప్పాను.

"ఓసి పిచ్చిగుంటా, దీనికింత ఆలోసనేటి? ఈ తెల్లజుట్టుతో నీకు ఫోటో తీస్తాను. కడిగించి పటం కట్టిత్తాను. మీ అమ్మ గోడ మీద ఉంటాది. నువ్వు రంగేసుకుని ఆటకి పో."

ఆమె ముఖం వెలిగింది. తల దువ్వుకుని, కొంగు సర్దుకుని నిలబడింది. నా సెల్లుతో నాలుగు తీశాను. సెల్లు ఆమె చేతికిచ్చాను. దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది. నాలుగూ అటూ ఇటూ జరిపి చూసి తిరిగి ఇచ్చేసింది.

"ఇది నానప్పా" అంది. "అద్దంలోనయితే నాను తల ఒంచితే అదీ ఒంచుతాది. నాను నవ్వితే నవ్వుతాది. ఇందులో ఊరికే సూత్తంది."

నా తెలివి అక్కడితో అయిపోయింది.

ఆఖరికి ఆమే ఒక దారి చెప్పింది. తల్లికి తమ్ముడొకడున్నాడు. సోంబరు. ఒడిశాలో నందపూర్ అవతల ఏదో ఊళ్లో ఉంటాడు. ఏడాదికోసారి దసరా ముందు సంతకి చీపుళ్లు తెచ్చి అమ్ముకుని, మేనకోడలిని పలకరించి పోతాడు. నల్లజుట్టుతో తప్ప సోములమ్మని ఇన్నేళ్లలో అతను చూడలేదు. ఇప్పుడు చూస్తాడు. అక్కని చూసినవాడు కదా, అతను చెబుతాడు. "ఔను, మా అప్పే" అంటే జుట్టు ఇలాగే ఉంచేస్తుంది, ఆట పోతే పోయింది. "కాదు" అంటే ఆ పూటే రంగు. అలా అనుకుని నిబ్బరంగా కూర్చుంది. నేను మాత్రం ప్రతి శుక్రవారం చీపుళ్ల మోపు కనబడితే చాలు, కొనేవాళ్లని వదిలేసి లేచి చూసేదాన్ని. అతను ఔనంటాడా, కాదంటాడా అని నాకెందుకంత ఆత్రం? మా ఇంటి పెళ్లిచూపులు కూడా అంత ఆత్రంగా జరగలేదు.

దసరా ముందు శుక్రవారం, ఎండ నడినెత్తికి వచ్చే వేళకి సోంబరు వచ్చాడు. బక్కపలచని మనిషి, డెబ్భైకి దగ్గర. చీపుళ్ల మోపు దించి, కండువాతో ముఖం తుడుచుకుని సోములమ్మని చూశాడు. ఆమె తల వంచలేదు. కొంగు వెనక్కి తీసి, తల ఎండలోకి పెట్టి నిలబడింది.

"సూడు మామా. అమ్మలాగున్నానా?"

ముసలాయన చాలాసేపు చూశాడు. కళ్లు తడిశాయి. చెయ్యి ఎత్తి ఆమె చెంప ముట్టుకున్నాడు.

"మొగం మా అప్పదే" అన్నాడు. "జుట్టే... ముసిలిదానివయిపోనావు పిల్లా."

"అదే మామా. అమ్మ జుట్టు ఇలాగే ఉండీది కదా, తెల్లగా."

"తెల్లగేటి?" అన్నాడు.

"నాకు గురుతే. నన్ను ఈపుకి కట్టుకున్నప్పుడు..."

అతను నా వంక చూశాడు, ఆమె వంక చూశాడు. చెప్పనా వద్దా అన్నట్టు చీపుళ్ల మోపు సర్దాడు.

"అది జుట్టు తెలుపు కాదమ్మా. రాయి పొడి. తెల్లరాయి క్వారీలో రాయి కొట్టీది కదా మీ అమ్మ. నిన్ను ఈపుకి కట్టుకునే కొట్టీది. పొద్దుగూకేసరికి తలంతా పిండి సల్లినట్టు అయిపోయీది. పండగొత్తే గెడ్డ నీళ్లలోకి దిగి తలంటుకునీది. అప్పుడు సూడాల. నేరేడుపండు నలుపు. మా అప్పకి ముసలితనమెక్కడిది? ఆ పొడికే దగ్గొచ్చింది. పోయేనాటికి ఇరవై ఎనిమిది నిండనేదు."

సోములమ్మ అరుగు మీద కూర్చుండిపోయింది. సంత గోలంతా అలాగే ఉంది. పక్కన దుంపలమ్మే మనిషి ఎవరితోనో బేరం తెగక గొడవ పడుతోంది. ఆమె పెదాలు కదులుతున్నాయి. లెక్క వేసుకుంటోందని అర్థమైంది. ఆమె కూతురు భానుకి మొన్న శ్రావణంలోనే ఇరవై ఎనిమిది వచ్చాయి. హుకుంపేటలో ఉంటుంది, చంటిపిల్ల తల్లి.

"అయితే మా అమ్మ మా భాను ఈడుది" అంది. "సిన్నపిల్ల. బువ్వ తినిందో నేదో కూడా ఎవరూ అడగని గుంట." నా వైపు తిరిగింది. "నానే పెద్దదాన్ని అప్పా. నానే దానికి అమ్మలాగున్నాను."

నేను ఏడ్చాను. దాచుకోవడానికేముంది, బేరానికి వచ్చినవాళ్ల ముందే ఏడ్చాను. సోంబరు చీపుళ్ల పక్కన కూలబడి, చెప్పకుండా ఉండాల్సింది అన్నట్టు తల కొట్టుకుంటున్నాడు. పాపం, అతనేం చేస్తాడు? అడిగింది, చెప్పాడు.

ఇక తేలిపోయింది కదా అనుకున్నాను. అద్దంలో తల్లి లేదు, తల్లికి అలాంటి జుట్టే లేదు. సోములమ్మకి మిగిలింది ఆట ఒక్కటే. కనీసం అదైనా దక్కాలని నాకు గట్టిగా అనిపించింది. కళ్లు తుడుచుకుని పేకెట్టు తీసి ఆమె బుట్టలో పెట్టాను. "ఇంటికెళ్లి యేసుకో. ఎల్లుండి పేక్టీసుంది" అన్నాను.

సరిగ్గా అప్పుడే ఫల్గుణ వచ్చాడు. మా ముగ్గురి ముఖాలూ చూసి కొంచెం తగ్గాడు. అయినా అడగక తప్పదు.

"వదినా, ఏటి సెప్తావు మరి?"

సోములమ్మ బుట్టలోంచి పేకెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"సౌందర్యనెట్టుకో" అంది. "మలుపు కాడ బేగి తిప్పీకుండా సూడు. దానికి తొందరెక్కువ. ఎనకనున్న ముసలోళ్లు అందుకోనేరు." పేకెట్టుని నా వైపు నెట్టింది. "నా గొలుసూ గజ్జెలూ రేపు పంపుతాను. సిన్నప్పుడు నాను కట్టుకున్నవి, దానికి సరిపోతాయి."

అతను తల ఊపి వెళ్లిపోయాడు. అతను జనంలో కలిసిపోయేదాకా ఆమె అటే చూసింది. నాకు కోపం వచ్చింది. నిజంగా కోపమే వచ్చింది. ఇరవై ఏళ్లు ప్రాణం పెట్టిన చోటుని ఎవరి కోసం వదిలేసినట్టు?

"బుర్రుందేటే నీకు? మీ అమ్మ జుట్టు నలుపని ఇప్పుడే కదా సెప్పినాడు. అద్దంలో ఉన్నది మీ అమ్మ కాదు. ఇంకెవరి కోసం ఈ తెలుపు?"

సోములమ్మ కళ్లు తుడుచుకుంది.

"దానికే అప్పా" అంది. "మా అమ్మ ముసలిదయితే ఎలగుంటాదో దేవుడు కూడా సూడనేదు. నాను సూత్తాను."