చింతామణి పెద్దాయన పెట్టించిన చెప్పుల అంగడి

పోయిన నెలలో ఒక రోజు, చిన్న అంగళ్ళవాళ్ళకు చిక్కబళ్ళాపురంలో ఏదో శిక్షణ ఇస్తున్నారని మా కోడలు బయలుదేరుతుంటే, ఇంట్లో కూర్చుని చేసేదేముందని నేనూ ఆమె వెంట బస్సెక్కాను. బాగేపల్లిలో మా చెప్పుల అంగడిని ఇప్పుడు చూసుకుంటున్నది ఆమే. మా అబ్బాయి బడిపంతులు. అతనికి వ్యాపారం అబ్బలేదు, ఆమెకు అబ్బింది. చల్లటి హాలులో మా కూతురి వయసైనా లేని ఒక అమ్మాయి తెర మీద బొమ్మలు చూపిస్తూ, కన్నడంలో, మధ్యమధ్య ఇంగ్లీషులో చక్కగా చెప్పుకుపోయింది. ప్రతి అంగడికీ ఒక మెంటర్‌ను ఏర్పాటు చేస్తారట, హామీ అడగకుండా అప్పు ఇప్పిస్తారట, అంగడి నిలదొక్కుకునేదాకా తోడుంటారట. తిరుగు ప్రయాణంలో పేరేసంద్ర దాటాక, మెంటరంటే ఏమిటమ్మా అని కోడలిని అడిగాను. ఆమె, "ఎనకాల నిలబడి నేర్పించే మనిషి, మామా," అంది.

నాకు వెంటనే చింతామణి పెద్దాయన గుర్తొచ్చారు.

మాది నంది కొండ కింద ఒక చిన్న పల్లె. మా తాత, ఆయన తర్వాత మా నాన్న అక్కడి చిన్న శివాలయంలో పూజ చేసేవారు. గుడి మీద వచ్చేది ఇంటికి చాలేది కాదు గనుక, నన్ను చదివించి ఏదైనా ఆఫీసులో కూర్చోబెట్టాలని నాన్న కోరిక. చిక్కబళ్ళాపురంలో బి.ఏ. చదివాను, అక్కడే ఒక పట్టు మిల్లులో గుమాస్తాగా చేరాను, పెళ్ళీ అయింది, అంతలో మిల్లు మూతపడింది. ఆ తర్వాత నేను ఎన్ని ఆఫీసుల మెట్లు ఎక్కి దిగానో మా ఆవిడకే తెలుసు. డిగ్రీ కాగితం సంచిలో పెట్టుకొని చెప్పులరిగేలా తిరిగిన నా తరం వాళ్ళకు ఆ తిరుగుడు సంగతి నేను విడిగా చెప్పనక్కరలేదు.

కాలేజీలో నాతో చదివిన ఒక స్నేహితుడిది చింతామణి ఊరు. వాళ్ళ నాన్నగారే ఈ పెద్దాయన. ఆయనకు అక్కడి బజారులో చెప్పుల హోల్‌సేల్ అంగడి ఉండేది. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా, భుజం మీద ఎర్ర అంచు తువ్వాలు, నోట్లో ఎప్పుడూ ఒక వక్కపలుకు, అదీ ఆయన రూపం. ఒకసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన నా సంగతంతా అడిగి తెలుసుకొని, కాఫీ చల్లార్చుకుంటూ, చాలా మామూలుగా ఒక మాట అన్నారు. బాగేపల్లి బస్టాండు దగ్గర ఒక గది ఖాళీగా ఉందట. చుట్టుపక్కల పల్లెలవాళ్ళూ, ఆంధ్రా వైపు నుంచి సంతకొచ్చేవాళ్ళూ మంచి చెప్పులు కావాలంటే చింతామణి దాకా రావలసి వస్తోందట. సరుకు ఆయన ఉద్దరగా ఇస్తారు, అమ్ముడుపోయిన దాని డబ్బు నెలకోసారి కట్టి, కొత్త సరుకు తెచ్చుకోవచ్చు. నా చేతిలో పెట్టుబడి లేదు, వ్యాపారంలో ఓనమాలు రావు, కులం చూస్తే అర్చకుల కులం. ఆయన ఏం చూసి నన్ను నమ్మారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ రోజు మాత్రం వద్దనే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంటికెళ్ళి చెబితే అమ్మ పొయ్యి దగ్గరే ఉండిపోయింది. నాన్న అరవలేదు, తిట్టలేదు. జంధ్యం సర్దుకొని వాకిలి వైపు చూసి, "మన గుడి వాకిట్లో జనం చెప్పులు ఇడిస్తేనే మనం హారతి ఇచ్చేది. నువ్వు ఆ చెప్పులే అమ్ముతావేమప్పా?" అన్నారు. ఆ తర్వాత ఆయన నాతో అవసరానికి మించి మాట్లాడటం మానేశారు. నేను చేస్తున్న పని నంది చుట్టుపక్కల ఎవరి కంటా పడకుండా దూరాన బాగేపల్లిలో ఉండటం ఒక విధంగా మా ఇద్దరికీ మేలే అయింది.

అంగడి తెరిచే ముందు కొన్నాళ్ళు తన దగ్గర కూర్చోమన్నారు పెద్దాయన. నన్ను గల్లా పక్కన కూర్చోబెడతారనుకున్నాను, డిగ్రీ చదివినవాణ్ణి కదా. ఆయన ఒక చిన్న పీట తెచ్చి బెంచీ ముందు వేశారు. అమ్మేవాడు కింద, కొనేవాడు పైన, అదే ఈ వ్యాపారంలో మొదటి పాఠమన్నారు. నా ముందు మొదట వచ్చి కూర్చున్నది ఒక రైతు ముసలమ్మ. మడమలు బీటలువారాయి, గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి ఉంది. చెప్పు చేతిలో పట్టుకున్నాను గాని, ఆ కాలు ముట్టుకోవడానికి నా చెయ్యి ముందుకు పోలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎవరి కాళ్ళూ ఆ విధంగా పట్టుకున్నవాణ్ణి కాను. పెద్దాయన అది గమనించి గల్లా దగ్గర నుంచి లేచి వచ్చి, నా పక్కనే నేల మీద కూర్చొని, ఆ కాలు తన మోకాలి మీద పెట్టుకొని, భుజం మీది తువ్వాలుతో మట్టి తుడిచారు. ముసలమ్మ సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కోబోయింది.

"ఈయమ్మ ఎంత దూరం నడిచొచ్చిందో ఈ కాలు చెప్తాండాది చూడప్పా," అన్నారు ఆయన నాతో, పైకి చూడకుండానే. "మీ ఇంట్లో దేవుని పాదాలు తుడిచే చేతులే కదా. దీనికేం తక్కువ?"

రెండో కాలు నేను పట్టుకున్నాను.

బాగేపల్లిలో అంగడి తెరిచాక కూడా ఆయన నన్ను వదిలిపెట్టలేదు. ఏదో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా చింతామణి బస్సు దిగేవారు. అంగట్లోకి వెంటనే వచ్చేవారు కారు. ఎదురుగా ఉన్న టీ హోటల్లో బెంచీ మీద కూర్చొని, ఒక టీ తాగి, ఇంకో టీ చెప్పి, మా అంగడినే చూస్తూ ఉండేవారు. మొదట్లో నాకు అది కాపలాలాగా తోచి ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, ఆయన చూసేది కొన్నవాళ్ళను కాదు, గుమ్మం దాకా వచ్చి కొనకుండా పోయినవాళ్ళను. ఆడవాళ్ళు వాకిట్లో నిలబడి, లోపలికి తొంగిచూసి, వెనక్కి మళ్ళిపోతున్నారని ఆయనే కనిపెట్టారు. ముందు బెంచీ మీద మగవాళ్ళు కూర్చుని ఉంటే, వాళ్ళ మధ్య కూర్చొని చీర కుచ్చెళ్ళు పైకెత్తి కాలు చాపడానికి ఏ ఆడమనిషి ఇష్టపడుతుంది? ఆ మాటే మా ఆవిడను అడిగి చూడమన్నారు. ఆమె, ఈ సంగతి తెలుసుకోవడానికి ఇంతకాలం పట్టిందా అన్నట్టు నన్ను చూసింది. లోపల ఒక మూల గుడ్డ తెర కట్టి, చిన్న బెంచీ వేశాం. సాయంత్రాలు మా ఆవిడ వచ్చి కూర్చోవడం మొదలుపెట్టింది. చెప్పులతో పాటు అత్తగారి పోరు, పిల్లల దగ్గు, పట్టుగూళ్ళ ధర అన్నీ ఆ తెర వెనకాల మాట్లాడుకునేవారు. అంగడికి నిజమైన రాబడి ఆ మూల నుంచే మొదలైంది.

ఆయన నేర్పినవి ఒకటా రెండా. సాయంత్రం పూట కాళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి గనుక ఆ వేళ మరీ వదులు చెప్పు ఇవ్వకూడదనీ, పట్టు తీసే చోట పనిచేసేవాళ్ళ కాళ్ళు రోజంతా నీళ్ళలో నానుతాయి గనుక వాళ్ళకు రబ్బరే ఇవ్వాలనీ, మన కంటికి నచ్చినవి గాక ఊరి పనికి సరిపోయేవి కొనాలనీ, సరిపోని కొలత అంటగట్టి ఒకరోజు గెలిస్తే ఆ మనిషి ఊరంతా మనకు దూరమవుతుందనీ. అంగట్లో మిగిలిపోయిన సరుకంతా కదలకుండా పడుకున్న డబ్బేనని ఆయన చెబుతుంటే నేను తలాడించేవాణ్ణి గాని, అది ఒంటబట్టడానికి, అమ్ముడుపోని తోలు చెప్పులకు బూజు పట్టిన ఒక వానాకాలం రావలసి వచ్చింది.

అలా అంగడి కుదురుకున్నాక, పక్క గది ఖాళీ అయింది. బడులు తెరిచే కాలం ముందుంది. ఆ గదీ తీసుకొని పిల్లల బడి బూట్లు పెడితే బాగుంటుందని మా ఆవిడా నేనూ రాత్రింబగళ్ళు లెక్కలు వేసుకొని, ఎక్కువ సరుకు ఉద్దర అడుగుదామని నేను ఉత్సాహంగా చింతామణి వెళ్ళాను. పెద్దాయన అంతా విన్నారు. గది తీసుకోమన్నారు, బూట్లూ పెట్టమన్నారు. ఆ తర్వాత వక్కపలుకు ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చి, "ఇంక నా కాడ ఉద్దర లేదప్పా. సరుకు కావాలంటే రొక్కం తెచ్చుకో," అన్నారు.

నాకు చెంప మీద కొట్టినట్టయింది. నెల తప్పకుండా కడుతూ వచ్చినవాణ్ణి. లోపల నా స్నేహితుడు సరుకు సర్దుకుంటున్నాడు, వాడే తండ్రికి ఏదో నూరిపోశాడని అనుకున్నాను. వాళ్ళమ్మగారు కాఫీ కలిపి తెస్తుంటే ఆగకుండా బస్టాండుకు నడిచాను. దారి పొడుగునా, ఆ చెప్పులే అమ్ముతావేమప్పా అన్న నాన్న మాటే తల్లో తిరిగింది. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. మర్నాడు పక్క గది యజమానికి ఇంకొన్నాళ్ళు ఆగమని ఆమే చెప్పి వచ్చింది.

వారం తిరక్కుండానే పెద్దాయన బాగేపల్లి వచ్చారు. ఈసారి టీ హోటల్లో కూర్చోలేదు. నేరుగా లోపలికి వచ్చి, చొక్కా మార్చుకొని రమ్మని నన్ను వెంటబెట్టుకొని బ్యాంకుకు తీసుకెళ్ళారు. మేనేజరు ధారవాడ వైపు మనిషి, తెలుగు రాదు. పెద్దాయన కన్నడంలో నా అంగడి గురించి, మా ఆవిడ తెర గురించి, బడి బూట్ల గురించి నాకన్నా బాగా వివరించారు. మేనేజరు సాయంత్రం వచ్చి అంగడి చూశాడు, తెర ఎత్తి చూసి నవ్వాడు. తర్వాత హామీ ఎవరని అడిగితే, పెద్దాయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమన్నారు.

బయటికొచ్చాక మెట్ల మీద నేను అడిగేశాను, మీ దగ్గర ఉద్దర లేదన్నవారు నాకు హామీ ఎందుకు నిలబడ్డారని.

"నా ఉద్దర మీదే ఉంటే నేనిచ్చే సరుకే అమ్మాల, నేను చెప్పిన రేటే కట్టాల," అన్నారు ఆయన. "ఇంక బెంగళూరికి పో. నాలుగు అంగళ్ళు తిరుగు. యాడ చవకైతే ఆడ కొను."

అట్లయితే మీ వ్యాపారం, అన్నాను.

"నా యాపారం ఉండాదిలే. నేను పోయినాక నా కొడుకు ఎట్లుంటాడో నాకే తెలీదు. నీకు నీ పేరుతో పరపతి ఉండాల."

బెంగళూరులో ఏ వీధిలో ఏ సరుకు బాగుంటుందో, ఎవరి దగ్గర బేరం ఆడవచ్చో, ఎవరి దగ్గర ఆడకూడదో బస్సు వచ్చేదాకా చెబుతూనే ఉన్నారు. తన గిరాకీని తానే ఇంకొకరి అంగడికి పంపించే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. మా స్నేహితుణ్ణి అనవసరంగా అనుమానించానని చెబితే, వాడికి ఈ సంగతే తెలియదని నవ్వారు.

ఆ ఏడు బడులు తెరిచినప్పుడు మా అంగడి ముందు తల్లిదండ్రులు బారులు తీరారు. అటువంటి ఒక సాయంత్రమే, ఎవరో బంధువుల ఇంట్లో గృహప్రవేశం చేయించి తిరిగి వెళుతూ నాన్న బాగేపల్లిలో దిగారు. రోడ్డుకు అవతల సంచి పట్టుకొని నిలబడి ఉన్నారట. నేను చూడలేదు, నా చేతిలో ఒక పిల్లవాడి కాలుంది. మా ఆవిడ చూసి, రోడ్డు దాటి వెళ్ళి, సంచి అందుకొని పిలుచుకొచ్చింది. నాన్న గుమ్మం దగ్గర ఆగి, అలవాటు కొద్దీ చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చారు. చెప్పుల అంగట్లోకి చెప్పులు విడిచి వచ్చిన మనిషి ఆయన ఒక్కరే. జనం నవ్వుతారేమో అనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. ఒక రైతు జరిగి చోటిచ్చాడు. పిల్లవాడు బూటు బిగువుగా ఉందని ఏడుస్తున్నాడు, నేను విప్పి, ఇంకోటి తొడిగి, లేసు కట్టి, నడిపించి, మళ్ళీ విప్పి మళ్ళీ తొడిగాను. నాన్న అదంతా చూస్తూ కూర్చున్నారు. జనం పలచబడ్డాక మా ఆవిడతో, "వీడు గుళ్ళో కూడా ఎప్పుడూ ఇంత ఓర్పుగా కూచున్నోడు కాదమ్మా," అన్నారు. బస్సెక్కించేటప్పుడు, ఆదివారం అమ్మను చూసిపోవడానికి రమ్మన్నారు. నాన్న నోట అటువంటి పిలుపు విని చాలా కాలమైంది.

పెద్దాయన పోయిన కబురు తెలిసి చింతామణి వెళ్ళినప్పుడు, వాళ్ళ వీధి నిండా నాకు తెలియని మనుషులు. శ్రీనివాసపురం, శిడ్లఘట్ట, గౌరిబిదనూరు, మంచేనహళ్ళి, ఇలా ఒక్కొక్క ఊరి నుంచి ఒక్కొక్కరు. పలకరించుకుంటూ పోతే అందరూ చెప్పుల అంగళ్ళవాళ్ళే. ప్రతివాళ్ళూ ఆయన తమ ఒక్కరినే చేరదీశారని అనుకుంటూ వచ్చినవాళ్ళే. ఒకతను, పెద్దాయన తన అంగడి ఎదుట మంగలి షాపులో కూర్చుని చూసేవారని చెప్పాడు. దుఃఖంలో కూడా మేము ఒకరినొకరం చూసుకొని నవ్వుకున్నాం.

ఆ అంగళ్ళు ఇప్పుడు చాలా వరకు లేవు. కొన్ని సెల్‌ఫోన్ల అంగళ్ళయ్యాయి, కొన్ని అంగళ్ళవాళ్ళ పిల్లలు వేరే పనుల్లోకి పోయారు, చెప్పులు కూడా ఇప్పుడు అట్టపెట్టెలో ఇంటికే వస్తాయి. కాలు పట్టుకొని కొలిచే పని తగ్గింది. మా కోడలు ఫోనులోనే కొలతలు తెప్పించుకొని పల్లెలకు చెప్పులు పంపిస్తుంది, అదీ బాగానే సాగుతోంది. మా కాలంలో తెలిసిన పెద్దమనిషి ఒకరు లేకపోతే బ్యాంకు మెట్లెక్కే దారే ఉండేది కాదు, ఎంతమంది తెలివైనవాళ్ళు అలా బయటే ఆగిపోయారో. ఇప్పుడు ఎవరినీ దేబిరించకుండా ఒక ఆడపిల్ల తన పేరుతో అప్పు తెచ్చుకోగలుగుతోంది. ఆ మార్పును తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. హాలులో మాట్లాడిన ఆ అమ్మాయి కూడా మంచి పిల్ల, వారానికోసారి మా కోడలికి ఫోను చేసి, గబగబా అయిదు నిమిషాలు మాట్లాడి, ఇంకో అంగడికి ఫోను చేయాలని పెట్టేస్తుంది. ఇప్పటివాళ్ళకు మనసు తక్కువని నేననను. ఒకరి అంగడి కోసం ఊరికే కూర్చోగలిగిన మధ్యాహ్నాలు తగ్గిపోయాయేమో అనిపిస్తుంది, అంతే.