సంకల్పంలో చెప్పుకున్న నవల

మీరు టీ తాగుతూ వినండి, నేను చెబుతాను. మొన్న కార్తీకమాసంలో గురజాల శివాలయం మండపంలో పద్నాలుగు మంది ఆడవాళ్ళని, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టనివాళ్ళని, చుక్కలు పొడిచాక కూడా అన్నానికి లేవనీయకుండా కూర్చోబెట్టిన మనిషిని నేనే. శివుడు క్షమించాడనే నా నమ్మకం. మా అత్తగారు క్షమించిందో లేదో ఇంకా తేలలేదు.

నాకు కోర్టు ఎదురుగా జిరాక్స్, టైపింగ్ షాపు ఉంది. వకీళ్ళు చేత్తో గీకిన దావాలు, అఫిడవిట్లు టైపు చేసిపెడుతుంటాను. అది పగటి పని. సాయంత్రం అయిందంటే గుడికి పోతాను. మా పూజారిగారికి గొంతు సరిగా ఉండదు, అందుకని ఆరేళ్ళ నుంచి కార్తీకపురాణం చదవడం నా వంతు. ముప్ఫై రోజులు, రోజుకో అధ్యాయం. నాకు భక్తి ఉంది, లేదనను. కానీ పదిమంది గుప్పిట్లో అక్షింతలు పట్టుకుని నా నోటి వంక చూస్తుంటే కలిగే ఆనందం కూడా ఉంది. మైకు చేతికిస్తే హారతి అయిపోయినా నేను దించను. అది నా జబ్బు.

మా అమ్మాయి కావ్య నరసరావుపేటలో బీటెక్ చదువుతోంది. దీపావళికి ఇంటికొచ్చి ఫోన్లో ఏదో చూపించింది.

"నాన్నా, ఒక్క నెలలో నవల మొదటి డ్రాఫ్ట్ రాసేస్తారంట. వెనక్కి తిరిగి చూసుకోరు, దిద్దుకోరు, రోజుకింతని రాసుకుంటూ పోవడమే. మా ఫ్రెండ్సందరం మొదలుపెడుతున్నాం."

"మధ్యలో ఆగిపోతే?"

"ఆగిపోతే ఆగిపోద్ది. సగం మంది పదో రోజుకే ఆపేస్తారంట."

ఆ మాట నాకు నచ్చలా. మొదలుపెట్టిన పని ఆపడమేంది? పైగా తెల్లారితే కార్తీకం. పురాణానికి ముప్ఫై అధ్యాయాలు, నవలకీ ముప్ఫై అధ్యాయాలు. పరమేశ్వరుడే లెక్క సరిపెట్టి పంపాడనిపించింది. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం చేసి గుడికి వెళ్ళి పూజారిగారితో చెప్పాను, సంకల్పంలో నవల కూడా కలపమని.

ఆయన పంచపాత్ర పక్కన పెట్టారు. "నాయనా కోటేశ్వరరావూ, ఇది ఏ కోరిక కిందకి వస్తుంది? ఆరోగ్యమా, ఐశ్వర్యమా?"

"కార్యసిద్ధి కింద వెయ్యండి పంతులుగారూ."

గోత్రం, పేరు చెప్పి, "ముప్ఫై దినములలో నవలా లేఖన సిద్ధ్యర్థం" అని నీళ్ళు వదిలించారు. నేను చేసిన తప్పు అదే. అప్పుడు తెలియలా. మా అమ్మాయి మూడో రోజే ఆపేసింది, హాయిగా ఉంది. దాని నవలకి సంకల్పం లేదు కదా.

మొదటి సాయంత్రం పురాణం అయ్యాక, "అమ్మా, ఇంకో పది నిమిషాలు కూర్చోండి, నేను రాసిన కథ చదువుతా" అన్నాను. అప్పటికే సగం మంది అక్షింతలు తలమీద వేసుకోబోతున్నారు. మా అత్తగారు శేషమ్మ ముందు వరసలో ఉంది. డెబ్భై ఏళ్ళు, షుగరు, అయినా నెలంతా నక్తాలు. అంటే పగలంతా ఉపవాసం, సాయంత్రం కథ విన్నాకే భోజనం. ఆమె చెయ్యెత్తింది.

"ఆగండే. పొద్దున సంకల్పంలో చెప్పుకున్నాడు, నేను విన్నా. అప్పుడిది కూడా వ్రతకథే గదా. సగంలో అక్షింతలు వేసుకుంటే ఎట్టా? ఇది కూడా విన్నాకే అన్నం."

"అత్తయ్యా, ఇది నవల."

"నువ్వేమన్నా పెట్టుకో పేరు. దేవుడికి చెప్పి మొదలుపెట్టావు గదా."

పూజారిగారి వంక చూశాను. "ఆమె చెప్పింది తప్పని నేను చెప్పలేను నాయనా" అన్నారు. పైకి మొహమాటపడ్డాను గానీ లోపల చక్కెర పొంగలి తిన్నట్టుంది. వినేదాకా అన్నం ముట్టని శ్రోతలు ఏ రచయితకి దొరుకుతారు చెప్పండి?

నవల సంగతి చెప్పాలి. హీరో రాఘవ, మాచర్ల నుంచి నాపరాళ్ళ లోడు తోలే లారీ డ్రైవరు. అతని పెళ్ళాం సుభాషిణి. విలన్ వీరభద్రం, క్వారీ ఓనరు, తాగుబోతు. తెల్లారుజామున స్నానం, దీపం, ఆ వెంటనే షాపు తెరిచి టైపింగు. రోజుకి ఆరు పేజీలు. ఎక్కడా ఆగలేదు, మూడో రోజు దాకా.

మూడో రోజు అత్తగారు అంది, "వీరభద్రుడి పేరు తాగుబోతుకి పెట్టావేంది, అదీ కార్తీకంలో?" నిజమే కదా అనిపించి చెంపలేసుకున్నాను. పేరు మార్చి నాగరాజు అని పెట్టాను. తెల్లారి నాగుల చవితి. పుట్టలో పాలు పోసొచ్చిన చేతులతోనే వాళ్ళంతా నా కథ వినడానికి కూర్చున్నారు. నేను "నాగరాజు పరమ నీచుడు" అని చదివాను. తర్వాత ఏం జరిగిందో చెప్పను. అప్పటి నుంచి మా విలన్‌కి పేరు లేదు, ఉత్త విలనే.

ఎనిమిదో రోజు సోమవారం. కథలో సుభాషిణి కోడికూర వండింది. పద్నాలుగు మంది ఒక్కసారే చెవులు మూసుకున్నారు, గుప్పిట్లో అక్షింతలతో సహా. అప్పటికప్పుడు పెన్ను తీసి కోడిని కొట్టేసి దోసకాయ పప్పు రాశాను. "ఉల్లిపాయ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "వెయ్యలేదమ్మా" అన్నాను. ఆ తర్వాత విలన్ తాగడం కూడా కుదరలేదు, మాసం అయ్యేదాకా వాడికి మజ్జిగే. మజ్జిగ తాగినవాడు ఎవరితో తగవు పడతాడు? పోనీ మొగుడూ పెళ్ళాలకి గొడవ పెడదామనుకుంటే పౌర్ణమి వచ్చిపడింది. జ్వాలాతోరణం కింద నుంచి నడిచొచ్చినవాళ్ళకి కాపురం విడిపోయిన కథ చెబుతావా అన్నారు. కలిపేశాను. ఇరవయ్యో రోజున అత్తగారి సలహా మీద విలన్‌ని ఉసిరిచెట్టు కింద వనభోజనానికి పిలిచారు. వాడు రెండుసార్లు పులిహోర పెట్టించుకుని మారిపోయాడు.

నాకు కోపం రాలేదండీ. వాళ్ళు చెప్పిన ప్రతిదీ నాకూ సబబే అనిపించింది. కాకపోతే ఇరవై ఒకటో రోజుకి నా నవలలో ఒక్కడికి కూడా ఒక్క కష్టం లేదు.

ఇరవై రెండో రోజు, మళ్ళీ సోమవారం. పొద్దున్నే కూర్చుని టైపు చేశాను. "రాఘవ లేచాడు. స్నానం చేశాడు. దీపం పెట్టాడు." అంతే. లారీ బాగుంది, పెళ్ళాం బాగుంది, విలన్ గుడికి పోయాడు. ఈ లోపు కోర్టు జనం వచ్చారు, జిరాక్సులు, స్టాంపు కాగితాలు, సాయంత్రం దాకా తల ఎత్తలేదు. చివరికి ఒక వకీలుగారి దావా టైపు చేసి, ఇంటికి వెళ్తూ ఆయనకి ఇద్దామని సంచిలో పెట్టుకుని గుడికి వచ్చాను.

పురాణం అయ్యాక పుస్తకం మూశాను. "ఇవాళ్టికి దీంతో సరిపెట్టుకుందాం అమ్మా. కథ రాలేదు."

"రాకపోవడమేంది, అదేమన్నా మాచర్ల బస్సా?" అంది అత్తగారు.

"తోచలేదు అత్తయ్యా. మీరు అక్షింతలు వేసుకోండి."

"అట్టా ఎట్టా వేసుకుంటాం? వచ్చేదాకా కూర్చుంటాం. నువ్వు నింపాదిగా ఆలోచించుకో."

వాళ్ళకి నా మీద కోపం లేదు. ఎంతో ఓపికగా, పద్నాలుగు గుప్పిళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ ఓపిక చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి. పది నిమిషాలయింది. స్తంభం వెనక నుంచి మా ఆవిడ ధనలక్ష్మి వచ్చి నా చెవి దగ్గర వంగింది.

"ఏవండీ, అమ్మ చెయ్యి వణుకుతోంది. షుగరు పడిపోయిద్ది. ఈ బెల్లం ముక్క నోట్లో వేసుకోమంటే మొహం తిప్పుకుంది. ఏదో ఒకటి చదవండి, మీకు దణ్ణం పెడతా."

నిజంగానే వణుకుతోంది. వేళ్ళ సందుల్లోంచి అక్షింతలు ఒకటొకటే రాలుతున్నాయి. సంచిలో చెయ్యి పెట్టాను. చేతికి తగిలిన కాగితం దావా. ఇక ముందూ వెనకా చూడలేదు.

"రాఘవకి ఒక తమ్ముడున్నాడు" అన్నాను.

"ఇన్నాళ్ళూ యాడున్నాడు?" అంది అత్తగారు.

"ఊళ్ళో లేడు అత్తయ్యా."

వాది అన్నచోట రాఘవ, ప్రతివాది అన్నచోట తమ్ముడు అనుకుంటూ చదువుకుపోయాను. అన్నదమ్ముల మధ్య పొలం గట్టు, గట్టు మీద వేపచెట్టు, అన్న ఊరెళ్ళిన రోజున తమ్ముడు చెట్టు కొట్టించడం. వెనక వరస ముందుకి జరిగింది. "ఇన్నాళ్ళకి కథ పాకాన పడింది" అని ఎవరో అన్నారు. ఆ మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. గొంతు పెంచాను. హద్దులు వచ్చాయి. తూర్పున డొంక, పడమర పంట కాలువ, సర్వే నంబరు ఫలానా అని పురాణం రాగంలోనే చదివేశాను. హద్దులకి ఆ రాగం ఎంత బాగా కుదిరిందనుకున్నారు.

మూడో వరసలో నుంచి నాగేంద్రమ్మ లేచి నిలబడింది. మా వీధిలోనే ఉంటుంది, నన్ను అన్నయ్యా అని పిలుస్తుంది.

"ఆగన్నయ్యా. ఆ డొంక, ఆ కాలువ, ఆ నంబరు మా పుట్టింటివి. రెంటచింతల అవతల చేను. చెట్టు కొట్టించింది మా చిన్నన్నయ్య. అంటే మా పెద్దన్నయ్య కోర్టుకెక్కుతున్నాడా?"

అందరూ నాగేంద్రమ్మ వైపు తిరిగారు. నేను కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. అత్తగారు మాత్రం నా వంకే చూస్తోంది.

"అధ్యాయం అయిపోయిందా అబ్బాయ్?"

"అయిపోయింది అత్తయ్యా."

అక్షింతలు తలమీద వేసుకుని లేచింది. "పదండే అన్నాలకి."

ఆమె షుగరు నిలబడింది. నా పరువు నిలబడలేదు. తెల్లారి షాపు తాళం తీస్తుండగానే వకీలుగారు వచ్చేశారు. "ఏమయ్యా, నోటీసు పంపాల్సింది నేను గదా. నువ్వు కార్తీకపురాణంలో కలిపి పంపేశావా?" ఇక నా దగ్గర టైపింగ్ చేయించనని చెప్పి వెళ్ళిపోయారు. ఆయన మెట్లు దిగుతుంటే నాగేంద్రమ్మ పెద్దన్నయ్య, దావా వేస్తున్న అన్న, ఎక్కాడు. నేను రెండు చేతులూ జోడించాను.

"సరే, అయిందేదో అయింది" అన్నాడాయన కుర్చీ లాక్కుని. "ఆ చెట్టు మా నాన్న నాటాడని చెప్పావా?"

"దావాలో లేదండీ."

"ఈరోజు చెప్పు."

గంట తర్వాత తమ్ముడొచ్చాడు. "ఆ చెట్టు నీడకి నా మిర్చి మూడు సాళ్ళు ఎదగలేదు. అది చదివావా? ఒక పక్షమే చదివితే పాపం గాదా, గుళ్ళో?"

పాపమే కదా. ఇరవై మూడో అధ్యాయం అన్న వైపు నుంచి, ఇరవై నాలుగు తమ్ముడి వైపు నుంచి. ఆ తర్వాత ఇద్దరూ రోజూ మోటారు సైకిళ్ళ మీద వచ్చి మండపంలో చెరో స్తంభానికి ఆనుకుని కూర్చునేవాళ్ళు. నేను చదువుతుంటే అత్తగారు మధ్యలో ఆపి వాళ్ళని నేరుగా అడిగేది. "నీడ పడేది పొద్దున్నా, సాయంత్రమా? సరిగ్గా చెప్పు." ఇరవై ఏడో రోజు వకీలుగారు కూడా వచ్చి చెప్పుల దగ్గర నిలబడ్డారు. ఎందుకండీ అంటే, నా పార్టీ ఇక్కడేం ఒప్పుకుంటున్నాడో తెలియాలి గదా అన్నారు. రాఘవ, సుభాషిణి ఏమయ్యారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ముప్ఫయ్యో రోజు అమావాస్య. అందరూ పగలంతా ఉపవాసం. ఆఖరి అధ్యాయంలో సర్వేయరొచ్చి, గట్టు కొలిచి, హద్దురాయి పాతించాడని ముగించాను. రాయి ఎక్కడ పాతించాడో రాయలేదు. అందుకే అన్నా తల ఊపాడు, తమ్ముడూ తల ఊపాడు. అసలు దావా ఇంకా నడుస్తూనే ఉందనుకోండి.

"సమాప్తం" అని కాగితాలు కళ్ళకద్దుకున్నాను. ముప్ఫై రోజులు, ముప్ఫై అధ్యాయాలు, సంకల్పం నెరవేరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల ఎత్తి చూస్తే ఒక్క గుప్పిట కూడా విప్పలేదు.

"ఏంది అత్తయ్యా? అయిపోయింది."

"ఫలశ్రుతి ఏది?"

"ఏంటి?"

"వ్రతకథ అన్నాక ఫలశ్రుతి ఉండాల గదా. ఇది విన్నవాళ్ళకి ఏమొచ్చిద్దో చెప్పకుండా ఎట్టా లేస్తాం?"

కాగితాల కట్ట వంక చూశాను. పేరు లేని విలన్, ఉల్లిపాయ లేని పప్పు, ఉన్నట్టుండి ఊడిపడిన తమ్ముడు. ఇది విన్నవాళ్ళకి ఏమొస్తుంది? మోక్షం అందామంటే ఎదురుగా శివుడున్నాడు, అబద్ధం చెప్పలేను. ఐశ్వర్యం అంటే అన్నదమ్ములిద్దరూ వింటున్నారు. ధనలక్ష్మి స్తంభం వెనక నుంచి తల్లి చెయ్యి చూపిస్తోంది. మళ్ళీ వణుకు మొదలైంది.

గొంతు సవరించుకున్నాను.

"ఈ నవలను ఆద్యంతమూ ఆలకించినవారికి తక్షణమే భోజనము లభించును."

పద్నాలుగు గుప్పిళ్ళు ఒక్కసారే విచ్చుకున్నాయి. నిమిషంలో మండపం ఖాళీ. ఆ నెలంతటిలో నా నోటి నుంచి వచ్చిన వాక్యాల్లో ఎవరూ వంక పెట్టనిది అదొక్కటే. అది కూడా నేను రాసింది కాదు.